అక్షరాల బాటలో బైటుల ప్రయాణం

పరీక్షకు దరఖాస్తు పెట్టుకొనే విద్యార్థి నేడు తన ఫోటోను కాగితంపై అంటించి తపాలాలో పంపనక్కరలేదు. ఫోటో ఉన్న ఫైలును ఎంచుకొని ఒక మీట నొక్కితే చాలు. కొన్ని క్షణాలలో అది వందల మైళ్ల దూరంలో ఉన్న మరొక కంప్యూటరును చేరుతుంది. ఆ ఫోటోలో లక్షల కొలది అంకెలు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటీ మారకుండా, తప్పిపోకుండా గమ్యం చేరడం చూచి నేడు ఎవరూ ఆశ్చర్యపడరు. కాని నలభై సంవత్సరాల క్రితం ఇది సామాన్యమైన పని కాదు. ఆనాడు కంప్యూటర్ల మధ్య ఉత్తరాలు నడిచే బాట అక్షరాలను మోయడానికి మాత్రమే వేసిన బాట. అందులో అక్షరాలు కాని సరకును పాడుకాకుండా పంపడం ఎట్లా అనే ప్రశ్నకు జవాబు వెదకడమే ఈ చరిత్ర.

ఆ బాట దృష్టిలో అక్షరాలంటే ఇంగ్లీషు అక్షరాలే. ఛాయాచిత్రమూ, సంగీతమూ మాత్రమే కాదు, తెలుగు 'అ' కూడా దానికి పరాయి సరకే. కనుక ఇది ఒక సాంకేతికమైన చిక్కును విప్పిన కథ మాత్రమే కాదు. ఇంగ్లీషుకు వెలుపల ఉన్న భాషలకు కంప్యూటరు లోకంలో దారి దొరికిన కథ కూడా.

అంకెల రూపంలో అక్షరాలు

కంప్యూటరులో దాచిన ప్రతి వస్తువూ అంకెల రూపంలోనే ఉంటుంది. ఆ అంకెలను సున్న, ఒకటి అనే రెండే గుర్తులతో వ్రాస్తారు. అట్టి ఒక్కొక్క గుర్తును బిట్టు అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఎనిమిది రెండ్లను ఒకదానితో ఒకటి హెచ్చవేస్తే 256 వస్తుంది. కనుక ఒక బైటు 0 నుంచి 255 వరకు ఏ సంఖ్యనైనా సూచించగలదు.

ఫైళ్లు రెండు తెగలు. పాఠ్యపు ఫైలులో ప్రతి సంఖ్యా ఒక అక్షరానికి గుర్తు. ఇంగ్లీషులో మొదటి పెద్ద అక్షరానికి 65, రెండవదానికి 66, ఇట్లు వరుసగా సంఖ్యలను కేటాయించినారు. రెండవ తెగ బైనరీ ఫైలు. ఫోటో, పాట, కంప్యూటరు ప్రోగ్రాము ఈ తెగలోనివి. ఇందులో 65 కనబడితే అది అక్షరం కానక్కరలేదు. చిత్రంలోని ఒక చుక్కలో ఎరుపు ఎంత ఉన్నదో చెప్పే కొలత కావచ్చు. 0 నుంచి 255 వరకు ఏ సంఖ్య అయినా, ఎక్కడైనా, ఏ వరుసలోనైనా రావచ్చును. మొదటి తెగకు వేసిన బాటలో రెండవ తెగ ప్రయాణం చేయవలసి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది.

తంతి కాలపు వారసత్వం

ఈ చిక్కుకు మూలం కంప్యూటరు కంటె పాతది. ఫ్రాన్సు దేశపు తంతి ఇంజనీరు ఎమీల్ బోదో 1874లో తన తంతి విధానానికి పేటెంటు పొందినాడు. అందులో ప్రతి అక్షరానికీ సమానంగా ఐదేసి గుర్తులు. ఐదు గుర్తులతో 32 కలయికలు మాత్రమే సాధ్యం. 26 అక్షరాలకూ పది అంకెలకూ అవి చాలవు. అందుచేత 'ఇకమీద వచ్చేవి అంకెలు', 'ఇకమీద వచ్చేవి అక్షరాలు' అని ముందుగా తెలిపే ప్రత్యేక సంకేతాలను కల్పించినారు.

తరువాత వచ్చిన టెలిప్రింటరు దూరాన ఉండి టైపు చేయగల యంత్రం. దానికి అక్షరాలను పంపితేనే చాలదు. వరుస ముగిసినప్పుడు అచ్చు బండిని ఎడమ అంచుకు తేవాలి. కాగితాన్ని ఒక వరుస మేర జరపాలి. అవసరమైతే గంట మ్రోగించాలి. ఈ ఆజ్ఞలు కూడా అదే తంతి మీద, అక్షరాల మధ్యనే ప్రయాణం చేసినవి. అనగా బండిలోని సరకూ, బండివానికి ఇచ్చే ఆజ్ఞలూ ఒకే సంచిలో కలిసి ఉన్నవన్నమాట.

అమెరికాలో 1963లో ప్రకటించి, 1967లో సవరించిన ఆస్కీ అనే సంకేత పట్టిక ఈ వారసత్వాన్నే స్వీకరించినది. అందులో ఒక్కొక్క అక్షరానికి ఏడు బిట్లు. మొత్తం 128 సంకేతాలు. వాటిలో 33 ఆజ్ఞలు. ఖాళీ జాగాతో కలిపి అచ్చు అయ్యే గుర్తులు 95. బండిని అంచుకు తెమ్మనే ఆజ్ఞ 13, కాగితాన్ని జరపమనే ఆజ్ఞ 10. ఎనిమిదవ బిట్టును చాలా చోట్ల తప్పులు పట్టడానికి వాడినారు: ఒకట్ల మొత్తం ఎల్లప్పుడూ సరిసంఖ్య గానో, బేసిసంఖ్య గానో ఉండేటట్లు ఆ బిట్టును అమర్చేవారు. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. కాని టెలిప్రింటరు ఆజ్ఞలైన 13, 10 మాత్రం నేటికీ ప్రతి కంప్యూటరులోనూ సజీవంగా ఉన్నవి.

ఉన్నది ఉన్నట్లుగా పంపడం

1969లో అమెరికాలో ఆర్పానెట్ అనే కంప్యూటరు వల ప్రారంభమైనది. దానికి తగిలించిన యంత్రాలు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున ఉండేవి. కొన్ని 32 బిట్ల మాటలతో పని చేస్తే మరికొన్ని 36 బిట్ల మాటలతో పని చేసేవి. వీటి మధ్య ఫైళ్లను మార్చుకోవడానికి మొదటి నియమావళిని 1971 ఏప్రిల్‌లో అభయ్ భూషణ్ వ్రాసినారు. కాన్పూరు ఐ.ఐ.టి. మొదటి జట్టులో 1965లో పట్టభద్రులై, అమెరికాలోని మాసచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పని చేస్తుండిన భారతీయుడాయన. ఎఫ్.టి.పి. అని ప్రసిద్ధి పొందిన విధానానికి అదే మొదలు.

క్రమంగా రూపుదిద్దుకొని 1985లో స్థిరపడిన ఈ విధానంలో రెండు ముఖ్యమైన పద్ధతులు కలవు. ఒకటి పాఠ్య పద్ధతి. వరుస ముగింపును ఒక యంత్రం 10 అనే ఒక్క సంఖ్యతో గుర్తిస్తే, మరొకటి 13, 10 అనే జంటతో గుర్తిస్తుంది. పాఠ్య పద్ధతిలో ఫైలు ఏ యంత్రానికి చేరితే ఆ యంత్రపు ఆచారానికి తగినట్లు వరుస ముగింపులు మారుతవి. రెండవది 'ప్రతిబింబ' పద్ధతి. దీనిలో బిట్లు ఉన్నవి ఉన్నట్లుగా వెళ్తవి.

ఏ పద్ధతి కావాలో పంపేవారు చెప్పకపోతే పాఠ్య పద్ధతే అమలులోకి వచ్చేది. దాని ఫలితం ఆలోచింపదగినది. ఫోటోలో 10 అనే సంఖ్య కనబడితే, అది వరుస ముగింపు అని భ్రమించి యంత్రం దాని ముందు ఒక 13 చేర్చేది. లక్ష బైట్ల ఫైలులో అన్ని సంఖ్యలూ సమానంగా వస్తున్నవనుకొంటే, 10 సుమారు 390 చోట్ల వస్తుంది. ఆ 390 చోట్లా ఫోటో చెడుతుంది. దారిలో దొంగ లేడు, తుఫాను లేదు. సరకును చదివి 'సవరించిన' బాటయే దానిని పాడుచేసినది.

ఏడు బిట్ల ఉత్తరం

ఎఫ్.టి.పి.లో కనీసం ఎంపిక ఉన్నది. ఎలెక్ట్రానిక్ ఉత్తరాలకు అదీ లేదు. 1982 ఆగస్టులో జొనాథన్ పోస్టెల్ వ్రాసిన ఎస్.ఎమ్.టి.పి. నియమావళి ప్రకారం ఉత్తరంలో ఏడు బిట్ల ఆస్కీ అక్షరాలే ఉండాలి. ఒక్కొక్క వరుస, ముగింపు గుర్తులతో సహా, వెయ్యి అక్షరాలకు మించరాదు. చుక్క మాత్రమే ఉన్న వరుస వస్తే ఉత్తరం ముగిసినట్లు లెక్క. ఎనిమిదవ బిట్టును దారిలోని యంత్రాలు చెరిపివేయవచ్చును.

తెలుగు 'అ'ను ఈ బాటలో పంపి చూద్దాం. ప్రపంచ భాషల లిపులన్నింటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ పట్టికలో 1991 నాటి మొదటి కూర్పు నుంచే తెలుగు ఉన్నది. ఆ సంఖ్యలను బైట్లుగా వ్రాసే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించినారు. ఈ పద్ధతిలో 'అ' మూడు బైట్లు: 224, 176, 133. మూడూ 127 కంటె పెద్దవే. మూడింటిలోనూ ఎనిమిదవ బిట్టు ఒకటే. ఆ బిట్టును చెరిపితే ఒక్కొక్క దానిలో 128 తగ్గి 96, 48, 5 మిగులుతవి. ఆస్కీ పట్టికలో 96 ఒక వంకర గుర్తు. 48 సున్న అంకె. 5 అవతలి యంత్రాన్ని జవాబు చెప్పమని అడిగే ఆజ్ఞ! పంపినది అకారం, చేరినది ఒక గీత, ఒక సున్న, ఒక ప్రశ్న.

వేషం మార్చే ఉపాయం

బాటను మార్చడం సాధ్యం కానప్పుడు సరకు వేషాన్ని మార్చవలసి వచ్చినది. 1980లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మేరీ యాన్ హార్టన్ యూయూఎన్‌కోడ్ అనే ప్రోగ్రామును తయారు చేసినారు. మూడు బైట్లకు 24 బిట్లు గదా. వాటిని ఎనిమిదేసి చొప్పున మూడు భాగాలుగా కాక, ఆరేసి చొప్పున నాలుగు భాగాలుగా చేయడం ఇందులోని కిటుకు. ఆరు బిట్లతో 64 సంఖ్యలే వస్తవి. 64 సంఖ్యలకు 64 అచ్చు గుర్తులను కేటాయిస్తే, ఎట్టి ఫైలైనా మామూలు ఉత్తరంవలె కనబడుతుంది.

కాని ఈ ప్రోగ్రాము ఎంచుకొన్న గుర్తులలో విరామ చిహ్నాలూ, ఖాళీ జాగా కూడా ఉన్నవి. కొన్ని యంత్రాలు వరుస చివరి ఖాళీలను తుడిచివేసేవి. ఆస్కీని కాక వేరొక పట్టికను వాడే ఐ.బి.యం. యంత్రాల మీదుగా పోయినప్పుడు కొన్ని చిహ్నాలు తారుమారయ్యేవి. అందుచేత ఎక్కడా మారని 64 గుర్తులను ఏరవలసి వచ్చినది. రహస్య ఉత్తరాల కొరకు 1987లో వెలువడిన ఒక నియమావళిలో ఆ ఏరిక జరిగినది: ఇంగ్లీషు పెద్ద అక్షరాలు 26, చిన్న అక్షరాలు 26, అంకెలు 10, కూడిక గుర్తు, ఏటవాలు గీత. దీనికే తరువాత బేస్-64 అనే పేరు స్థిరపడినది.

విద్యార్థులు దీనిని కాగితంపై చేసి చూడవచ్చును. 'అ'లోని 224, 176, 133 లను రెండంకెల మానంలో వ్రాస్తే 11100000, 10110000, 10000101. వీటిని కలిపి ఆరేసి చొప్పున విడదీస్తే 111000, 001011, 000010, 000101. అనగా 56, 11, 2, 5. పట్టికలో 0 నుంచి 25 వరకు పెద్ద అక్షరాలు, 26 నుంచి 51 వరకు చిన్న అక్షరాలు, 52 నుంచి 61 వరకు అంకెలు. కనుక 56 అంటే 4 అనే అంకె. 11, 2, 5 అంటే ఎల్, సి, ఎఫ్ అనే పెద్ద అక్షరాలు. ఈ నాలుగు గుర్తులూ ఏ బాటలోనైనా క్షేమంగా వెళ్లి, అవతల మరల 'అ' కాగలవు.

వేషానికి వెల ఉన్నది. మూడు బైట్లు నాలుగు అవుతవి. మూడు మెగాబైట్ల ఫోటో నాలుగు మెగాబైట్లు అవుతుంది.

గట్టు కట్టే ఉపాయం

ఒకే ఉత్తరంలో మాటలూ, చిత్రమూ, పాటా కలిపి పంపాలంటే వేషం మాత్రమే చాలదు. ఒకటి ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో, ఏది ఏ జాతి వస్తువో తెలియాలి. నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ కలిసి 1992 జూన్‌లో ప్రకటించిన మైమ్ నియమావళి దీనికి మార్గం చూపినది. అంతకు ముందే, ఆ సంవత్సరం మార్చి 11న, బోరెన్‌స్టైన్ తన పాట బృందం ఫోటోనూ, వారు పాడిన పాటనూ ఒకే ఉత్తరంలో పంపి చూపినాడు.

మైమ్ పద్ధతిలో పొలాల మధ్య గట్టు వలె ప్రతి భాగానికీ మధ్య ఒక హద్దు వరుస ఉంటుంది. ఆ హద్దు ఏ భాగంలోనూ సహజంగా రాని గుర్తుల వరుస కావాలి. అందుకే దానిని పొడవుగా, చిత్రంగా కల్పిస్తారు. ప్రతి భాగం తలపై ఒక చీటీ ఉంటుంది: ఇది పాఠ్యమా, చిత్రమా, పాటయా, ఏ వేషంలో ఉన్నది. ఆజ్ఞలూ సరకూ ఒకే సంచిలో కలిసిన పాత దోషానికి ఇక్కడ చికిత్స మొదలైనది.

ఈ గట్టు పద్ధతియే ఉత్తరాల నుంచి వెబ్‌కు వచ్చినది. మొదట వెబ్ పత్రాలు అక్షరాల కొరకే పుట్టినవి. వాటిలో ఆస్కీలో లేని ప్రతి బైటునూ ఒక శాతం గుర్తు, రెండు అంకెలు కలిపి మూడు గుర్తులుగా వ్రాసేవారు. మూడు బైట్ల 'అ' తొమ్మిది గుర్తులయ్యేది. ఒక పేరుకు ఇది ఫరవాలేదు, ఫోటోకు పనికిరాదు. 1995 నవంబరులో జెరాక్స్ సంస్థకు చెందిన నెబెల్, మాసింటర్ అనే ఇద్దరు వెబ్ పత్రం ద్వారా ఫైలును పంపే విధానాన్ని ప్రతిపాదించినారు. మైమ్ వలెనే హద్దులు, చీటీలు. కాని వెబ్ బాట ఎనిమిది బిట్లనూ చెరపకుండా మోస్తుంది కనుక లోపలి బైట్లకు వేషం అక్కరలేదు. ఫోటో ఎంత పెద్దదైనా అదనంగా చేరేది కొన్ని వందల బైట్లే. దరఖాస్తులోని పేరూ, ఫోటో రెండూ ఒకే కట్టలో వెళ్లగలిగినవి. మాసింటర్ ఇరవై సంవత్సరాల తరువాత, 2015 జూలైలో, అదే విధానపు సవరించిన ప్రమాణాన్ని కూడా వ్రాసినారు.

చిత్రం నుదుటి వ్రాత

ఆ రోజులలోనే రూపొంది, 1996 అక్టోబరులో ప్రమాణమైన పి.ఎన్.జి. అనే చిత్రపు ఫైలులో ఈ చరిత్ర అంతా మొదటి ఎనిమిది బైట్లలో నిక్షిప్తమై ఉన్నది. అవి 137, 80, 78, 71, 13, 10, 26, 10. మొదటి 137లో ఎనిమిదవ బిట్టు ఒకటి. దారిలో ఎవరైనా దానిని చెరిపితే 9 అవుతుంది, మోసం బయటపడుతుంది. 80, 78, 71 ఆ రకపు పేరులోని మూడు అక్షరాలు. 13, 10 జంట విడిపోయిందా అన్నది వరుస ముగింపులను ఎవరైనా మార్చినారా అని చెబుతుంది. 26 పాత డాస్ యంత్రాలలో ఫైలు ముగింపు గుర్తు. పొరపాటున ఎవరైనా చిత్రాన్ని పాఠ్యంగా తెరమీద చూపబోతే అక్కడితో ఆపుతుంది. చివరి 10 ముందు 13 చేరితే అదీ తెలిసిపోతుంది. ప్రయాణంలో ఎన్ని ప్రమాదాలు ఉన్నవో అన్నింటికీ తొలి వరుసలోనే కాపలా పెట్టినారు.

కొలిచి ఇచ్చే ఉపాయం

గట్టు పద్ధతిలో ఒక లోపం ఉన్నది: హద్దు వచ్చినదా అని ప్రతి బైటునూ చూడాలి. 'నేను పంపేది ఇన్ని బైట్లు' అని ముందే చెబితే, చదివేవాడు అన్నింటిని లెక్కించి తీసుకొంటాడు. లోపల ఏమున్నదో చూడనక్కరలేదు. కొలిచి ఇచ్చిన బియ్యంలో గింజలను పరీక్షించకుండానే తూకం సరిచూడవచ్చు గదా. 1996లో ప్రకటించిన హెచ్.టి.టి.పి. 1.0లోనే ఈ పొడవు చెప్పే ఏర్పాటు ఉన్నది. మొత్తం పొడవు ముందుగా తెలియనప్పుడు, ముక్కలు చేసి ఒక్కొక్క ముక్క పొడవు చెప్పి పంపే ఏర్పాటు 1997లో 1.1తో చేరినది. 2015 మేలో వెలువడిన రెండవ కూర్పులో సందేశపు ప్రతి ముక్కా తన పొడవును చెప్పే మూడు బైట్లతోనే మొదలవుతుంది.

ఈ లోగా మనుషుల పత్రాలకే కాక, ప్రోగ్రాముల మధ్య సంభాషణకు కూడా వెబ్ వాహనమైనది. ఒక ప్రోగ్రాము మరొక దానిని నియమబద్ధంగా పని అడిగే ద్వారాన్ని ఏపీఐ అంటారు. 1998 నాటి ఎక్స్.ఎం.ఎల్.-ఆర్.పి.సి. అనే పద్ధతి బైనరీ వస్తువులను బేస్-64 వేషంలో లోనికి రానిచ్చినది. 2006లో ఇంటర్నెట్ నియమావళిగా ప్రకటించబడిన జేసన్‌లో మాటలకూ సంఖ్యలకూ చోటున్నది కాని, బైనరీ ఫైలుకు చోటు లేదు. ఏడు బిట్ల ఉత్తరం నాటి చిక్కే మరల తలయెత్తినది. పాత వేషమే మరల పనికివచ్చినది. అదే 2006 మార్చిలో అమెజాన్ సంస్థ ప్రారంభించిన ఎస్3 అనే నిల్వ సేవ మూడవ దారిని ఎంచుకొన్నది: ఫైలు బైట్లే సందేశపు సరకు, పేరు, రకం, పొడవు మాత్రం పైన చీటీలో.

నేటి ఎంపిక

నేడు ఏపీఐ నిర్మించే వారి ముందున్న మూడు దారులూ ఈ చరిత్రలోనివే. సంతకపు బొమ్మవంటి చిన్న వస్తువైతే, మూడింట ఒక వంతు అదనపు భారం భరించి వేషం మార్చి పంపవచ్చును. వివరాలూ ఫైళ్లూ కలిసి రావలసి ఉంటే గట్టు పద్ధతి మేలు. పెద్ద ఫైలైతే కొలిచి, ఉన్నది ఉన్నట్లుగా పంపడం ఉత్తమం. మరీ పెద్దదైతే ముక్కలు చేసి పంపితే, దారిలో తెగిన ముక్కను మాత్రమే మరల పంపవచ్చును.

చీటీని గుడ్డిగా నమ్మకపోవడం కూడా ఈ చరిత్ర నేర్పిన పాఠమే. చిత్రమని చెప్పి ప్రోగ్రామును పంపేవారు ఉండవచ్చు. కనుక పుచ్చుకొనే సర్వరు మొదటి బైట్లను చూచి రకాన్ని సరిచూస్తుంది. తనకు పనికిరాని రకమైతే 415 అనీ, మితిమీరిన పరిమాణమైతే 413 అనీ జవాబిచ్చి నిరాకరిస్తుంది. పొడవు సరిపోయినంత మాత్రాన లోపల ఏదీ మారలేదని చెప్పలేము. అందుకై బైట్లన్నింటి నుంచి గణించిన ఒక సారాంశ సంఖ్యను కూడా జతచేస్తారు.

తంతి నాటి యంత్రం తాను మోసేదంతా అక్షరాలేనని భావించినది. అందుచేత మోస్తూనే చదివినది, చదువుతూనే సవరించినది. సరకు వేరు, చీటీ వేరు, బాట వేరు అని గ్రహించడానికి చాలా కాలం పట్టినది. ఈ మూడూ విడివడిన తరువాతనే ఫోటోకూ, పాటకూ, తెలుగు అక్షరానికీ ఒకే విధమైన క్షేమం లభించినది. బాట చేయవలసినది సరకును అర్థం చేసుకోవడం కాదు. చీటీ చూచి, తూకం సరిచూచి, చెక్కుచెదరకుండా చేర్చడం.